మాల్గుడి మోజు, మలెనాడు వాస్తవం

"మా ఊరు అచ్చం మాల్గుడిలా ఉండేది" అనే మాట ఈమధ్య తరచుగా వినబడుతోంది. కథాసంపుటాల ముందుమాటల్లో, ఆదివారం అనుబంధాల్లో వచ్చే బాల్యస్మృతుల్లో, రిటైరైన పెద్దమనుషుల షష్టిపూర్తి సంచికల్లో ఏదో ఒక రూపంలో కనబడుతుంది. ఈ మాట అన్నవాళ్లలో ఆర్.కె. నారాయణ్ పుస్తకం చదివినవాళ్లు కొద్దిమంది. మిగతావాళ్ల మాల్గుడి దూరదర్శన్ మాల్గుడి.

ఈ వాక్యాన్ని కాస్త నిదానించి చూడాలి. ఒకప్పుడు పాఠకుడు కథ చదివి "ఇది అచ్చం మా ఊరిలాగే ఉంది" అనేవాడు. రచయితకు అదొక పరీక్ష. ఊరు తెలిసినవాడు కథను ఊరితో పోల్చి, నిజమైతే తల ఊపేవాడు, అబద్ధమైతే నవ్వేవాడు. ఇప్పుడు పోలిక తిరగబడింది. కథ కొలబద్ద అయింది. ఊరు దానికి సరిపోవలసిన వస్తువైంది. సరిపోయినమేరకు ఊరు జ్ఞాపకం ఉంటుంది. సరిపోని భాగం జారిపోతుంది. ఆ జారిపోయే భాగం ఏది, ఎవరిది అన్నదే ఈ వ్యాసంలో నేను చర్చించదలచుకున్నది.

ముందు మాల్గుడి సంగతి. నారాయణ్ (1906-2001) మొదటి నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్' 1935లో లండన్‌లో అచ్చయింది. అప్పటినుంచి ఆయన రాసిన నవలలు, కథలు చాలామటుకు ఆ ఊళ్లోనే జరుగుతాయి. సరయు నది, మెంపి కొండలు, మార్కెట్ రోడ్డు, రైల్వే స్టేషను - పాఠకుడు కళ్లు మూసుకుని తిరగగలిగినంత స్పష్టంగా కట్టిన ఊరు. అయినా పటంలో లేని ఊరు. అది తన ఊహలోని ఊరేనని ఆయన చెబుతూ వచ్చాడు. దాన్ని ఎవరైనా తమకు తోచినచోట పాతబోతే ఆయనకు కోపం కూడా వచ్చేది. 'గైడ్' నవలను హిందీ సినిమాగా తీసినప్పుడు (1965) మాల్గుడిని ఊడబెరికి రాజస్థాన్ కోటల మధ్య నాటారని నొచ్చుకుని, ఆ అనుభవం మీద వెటకారంగా ఒక వ్యాసమే రాశాడు.

రచయిత తన ఊరెక్కడో చెప్పకుండా తప్పించుకోగలడు. కెమెరా తప్పించుకోలేదు. దానికి నిజమైన గోడ కావాలి, నిజమైన చెట్టు కావాలి. 1986లో శంకర్ నాగ్ 'మాల్గుడి డేస్' సీరియల్ తీయబూనినప్పుడు కర్ణాటకలో శివమొగ్గ జిల్లా తీర్థహళ్లి తాలూకాలోని ఆగుంబెను ఎంచుకున్నాడు. అది పడమటి కనుమల అంచున, దక్షిణాదిన అతి ఎక్కువగా వానలు పడే చోట్లలో ఒకటి. అక్కడి వీధీ, అక్కడి దొడ్డమనె, అంటే పెద్దిల్లూ మాల్గుడి అయ్యాయి. రైలు సన్నివేశాల కోసం అదే జిల్లాలో శివమొగ్గ-తాళగుప్ప లైను మీది అరసాళు అనే చిన్న స్టేషను మాల్గుడి స్టేషనైంది.

సీరియల్‌ను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. 1984లో 'హమ్ లోగ్'తో మొదలై ముంచెత్తిన దూరదర్శన్ సీరియళ్లలో నిబ్బరంగా, గొంతు పెంచకుండా కథ చెప్పినవి వేళ్ల మీద లెక్కపెట్టాలి. వాటిలో ఇదొకటి. నటులు నటిస్తున్నట్టు కనబడరు. ఎల్. వైద్యనాథన్ బాణీ, మొదట్లో వచ్చే ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మలు కథను మింగెయ్యకుండా దాని పక్కన నడుస్తాయి. ఇంత పని చేసిన శంకర్ నాగ్ 1990లో, ముప్పై ఆరేళ్లు నిండకుండానే, రోడ్డు ప్రమాదంలో పోవడం చిన్న నష్టం కాదు.

అయితే ఊరి ఎంపికతోనే ఒక మార్పు జరిగిపోయింది. నారాయణ్ మాల్గుడి ఒక పట్నం. దానికి మునిసిపాలిటీ ఉంది, ప్రెస్సు ఉంది, ఒక నవలలో సినిమా స్టూడియో కూడా వెలుస్తుంది. 'ది ఫైనాన్షియల్ ఎక్స్‌పర్ట్' (1952)లో మార్గయ్య సహకార భూమి తనఖా బ్యాంకు ఎదురుగా మర్రిచెట్టు కింద ట్రంకుపెట్టె ముందేసుకుని కూచుని, అప్పు కోసం వచ్చే రైతుల అమాయకత్వం మీద బతుకుతాడు. 1976లో వచ్చిన నవలలో బోర్డులు రాసే పెయింటరు, కుటుంబ నియంత్రణ ప్రచారం చేసే యువతి ముఖ్యపాత్రలు. అంటే ఆ ఊరు నాలుగు దశాబ్దాలుగా మారుతూనే వచ్చింది. దాన్లో దుమ్మూ ఉంది, అప్పూ ఉంది. ఆగుంబెలో దుమ్ము లేదు, వాన ఉంది. చుట్టూ అడవి ఉంది. పచ్చదనం తెరమీదికి రాగానే పట్నం అగ్రహారమైంది. చూసినవాళ్లకు కథలకన్నా ఆ తడి వీధి ఎక్కువ గుర్తుండిపోయింది. "మా ఊరు మాల్గుడి" అన్నప్పుడు వాళ్లంటున్నది ఆ తడి వీధిని గురించే.

నవలలోకి వెళితే జ్ఞాపకం ఏమేం వదిలేసిందో ఇంకా బాగా తెలుస్తుంది. 1930 ఆగస్టులో ఒక నాయకుడి అరెస్టుకు నిరసనగా ఊరేగింపు జరుగుతుంది. స్వామి తన టోపీని మంటల్లో వేస్తాడు, తన బడి కిటికీ అద్దాలు పగలగొడతాడు. పోలీసులు జనం మీద పడతారు. వాళ్లకు ఆజ్ఞ ఇచ్చిన అధికారి మరెవరో కాదు, స్వామి ప్రాణస్నేహితుడు రాజం తండ్రి. నారాయణ్ ఈ ఘట్టాన్ని పిల్లవాడి కళ్లతో, నవ్వు తప్పిపోకుండా రాశాడు. అది ఆయన బలం. ఆ నవ్వు దాటి ఆయన ముందుకు పోడు. అది ఆయన పరిమితి. ఏమైనా, సంగతి పుస్తకంలో ఉంది.

అంతకన్నా ముఖ్యమైన సన్నివేశం ఇంకొకటి ఉంది. స్వామి, మణి, రాజం ముగ్గురూ దారిలో ఎద్దుబండి తోలుకుపోతున్న ఒక పల్లెటూరి కుర్రవాణ్ణి ఆపుతారు. తాము సర్కారు పోలీసులమంటారు. వంతెన బలంగా లేదని, బండి పోరాదని దబాయిస్తారు. వాడు ఏడుస్తాడు, బతిమాలుతాడు. వీళ్లు ఆ ఆట బాగా ఆడి తృప్తిగా వదిలేస్తారు. ఆ కుర్రవాడి పేరు కరుప్పన్. వాడిదీ వీళ్ల వయసే. వాడు బడిలో లేడు, బండి మీద ఉన్నాడు. పెద్ద అధికారి కొడుకు ఆడుకునే ఆట ఏమిటంటే సర్కారు ఆట. రచయిత ఏ వ్యాఖ్యా చేయలేదు, చేయనక్కర్లేదు కూడా. ఇరవయ్యో శతాబ్దపు చిన్న పట్నం నిర్మాణమంతా ఆ రెండు మూడు పేజీల్లో ఉంది. "మా ఊరు మాల్గుడి" అనే పెద్దమనుషులందరికీ స్వామి గుర్తున్నాడు, స్వామి టోపీ గుర్తుంది. కరుప్పన్ గుర్తున్నవాణ్ణి ఒక్కణ్ణి నేను చూడలేదు. అందరి బాల్యమూ స్వామి బాల్యమే అయితే, మన ఊళ్లలో బండ్లు తోలిన పిల్లలెవరు?

మన భాషలో దీనికి పక్కన పెట్టి చదవవలసిన నవల కొడవటిగంటి కుటుంబరావు 'చదువు'. దానిలో సుందరం కూడా బ్రాహ్మణ మధ్యతరగతి పిల్లవాడే. కాలం కూడా ఇంచుమించు అదే. కుటుంబరావు ఎక్కడా సుందరం బాల్యాన్ని చూసి మురిసిపోడు. ఆ చదువుకు ఎంతవుతోంది, ఎవరు పెడుతున్నారు, అదయ్యాక ఉద్యోగాలున్నాయా అనే లెక్క నవల పొడుగునా నడుస్తూ ఉంటుంది. సుందరం చదువు ముగిసేసరికి ఆర్థికమాంద్యం ఎదురుగా ఉంటుంది. 'చదువు' చదివిన తర్వాత ఎవరికీ సుందరం ఊరికి టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి ఫోటో దిగాలనిపించదు. నవలకు అది లోపమని నేననుకోను.

ఇక మాల్గుడికి ఒళ్లప్పగించిన నేల సంగతి చూద్దాం. తీర్థహళ్లి తాలూకా సామాన్యమైన తాలూకా కాదు. కువెంపు పెరిగిన కుప్పళి ఆ తాలూకాలోదే. యు.ఆర్. అనంతమూర్తి పుట్టిన మేళిగె ఆ తాలూకాలోదే. 1965లో అనంతమూర్తి 'సంస్కార' రాశాడు. అదీ ఒక అగ్రహారం కథే. నారణప్ప అనే ఆచారభ్రష్టుడు చచ్చిపోతాడు. శవాన్ని ఎవరు దహనం చేయాలన్న ధర్మసందేహం ఒకవైపు, చంద్రి తీసి ముందు పెట్టిన బంగారం మీద ఆశ మరోవైపు. ఈలోగా శవం కుళ్లుతూ ఉంటుంది, ఎలుకలు చస్తూ ఉంటాయి, ఊరి బయట గుడిసెల్లో హొలెయలు ప్లేగుతో ఒక్కొక్కరే పోతూ ఉంటారు. అగ్రహారం వాళ్ల చావును పట్టించుకోదు. తడి వీధి, పెంకుటిళ్లు, పెరటి చెట్లు అన్నీ ఇక్కడా ఉన్నాయి. వాసన కూడా ఉంది. టీవీలో రానిది ఆ వాసనే.

'సంస్కార'ను 1970లో సినిమాగా తీసినవాడు మన పఠాభి. 'ఫిడేలు రాగాల డజన్'తో 1939లో తెలుగు పద్యం నడుములు విరగ్గొడతానని బయల్దేరిన నెల్లూరు తిక్కవరపు పట్టాభిరామిరెడ్డే. ఆగుంబెకు ఎంతో దూరం లేని శృంగేరి దగ్గర ఒక పల్లెలో చిత్రీకరించాడు. సెన్సారు మొదట అడ్డుకుంది. తర్వాత వదలక తప్పలేదు. జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది. చంద్రి వేషం వేసిన స్నేహలతా రెడ్డి ఎమర్జెన్సీలో అరెస్టయి, బెంగుళూరు జైల్లో ఉబ్బసంతో నలిగి, బయటికొచ్చిన కొద్ది రోజులకే 1977 జనవరిలో చనిపోయింది. ప్రాణేశాచార్యుడుగా వేసినవాడు గిరీశ్ కర్నాడ్. పదహారేళ్ల తర్వాత 'మాల్గుడి డేస్'లో స్వామి తండ్రిగా, మందలిస్తూనే ముద్దుచేసే ప్లీడరుగా వేసినవాడూ గిరీశ్ కర్నాడే. అదే మలెనాడు, అదే వాన, అదే మనిషి. ఒక సినిమాలో ఆయన తను నమ్మిన ధర్మమంతా కూలిపోతుంటే ఊరు విడిచి అడవిన పడి నడుస్తాడు. రెండోదాన్లో పడక్కుర్చీలో కూచుంటాడు. దేశానికి గుర్తున్నది పడక్కుర్చీ.

కర్నాడ్‌ను నేనిక్కడ తప్పుపట్టడం లేదు. నటుడు రెండు వేషాలూ వేస్తాడు. ఏ వేషాన్ని ప్రభుత్వ ప్రసారసంస్థ ఇంటింటికీ చేర్చింది, ఏ వేషాన్ని సెన్సారు ఆపబోయింది అన్నది మాత్రం గమనించాలి.

అరసాళు స్టేషను సంగతి ఇంతకన్నా విచిత్రం. సీరియల్ తర్వాత మూడు దశాబ్దాలకు రైల్వేవాళ్లు శిథిలమైన ఆ పాత స్టేషను భవనాన్ని బాగుచేసి 2020లో మాల్గుడి మ్యూజియంగా మార్చారు. పాడుబడ్డ భవనం నిలబడింది, చుట్టుపక్కల వాళ్లకు నాలుగు డబ్బులు వస్తున్నాయి; సంతోషమే. కాని వరస చూడండి. ఒక రచయిత లేని స్టేషన్ను ఊహించాడు. ఒక దర్శకుడు ఉన్న స్టేషన్ను దానికి వేషం కట్టించాడు. చివరకు ఉన్న స్టేషను తన సొంత చరిత్రను పక్కనబెట్టి ఆ వేషంలోనే స్థిరపడింది.

ఆ లైనుకు సొంత చరిత్ర లేదా అంటే, ఉంది. అరసాళు దాటి రైలు ఆనందపురం మీదుగా సాగర్ పోతుంది. ఆ సాగర్ తాలూకాలోదే కాగోడు. 1951లో అక్కడి కౌలుదార్లు, ఎక్కువమంది దీవరు కులస్థులు, భూస్వామి మీద తిరగబడ్డారు. తగువు ఎక్కడ మొదలైందో చూడండి: కొలపాత్ర దగ్గర. కౌలు ధాన్యం కొలిచే కొళగ అందరూ వాడే కొళగకన్నా పెద్దది. సేద్యం చేసినవాడు తన ధాన్యాన్ని తన కళ్లముందే దొంగకొలతతో పోగొట్టుకుంటూ, పెద్దింటి ముంగిట్లో తలవంచుకు నిలబడాలి. గణపతియప్ప రైతుల్ని కూడగట్టాడు. సోషలిస్టులు వచ్చారు. తీర్థహళ్లి తాలూకావాడైన శాంతవేరి గోపాలగౌడ వచ్చాడు. లోహియా వచ్చి అరెస్టయ్యాడు. రైతులు వందలకొద్దీ జైళ్లకు పోయారు. కర్ణాటకలో 1974 భూసంస్కరణల దాకా నడిచిన దారికి కాగోడు ఒక మొదలు.

మలెనాటి పెద్దిళ్ల స్తంభాలు, నడవలు, మండువాలు చూసి ముచ్చటపడేటప్పుడు ఈ కొళగ సంగతి మనసులో మెదలాలి. ఆగుంబెలో చిత్రీకరణ జరిగిన ఆ ఒక్క ఇంటిని గురించి కాదు నేననేది; వచ్చినవాళ్లకు అన్నం పెట్టి పంపే ఇల్లని దానికి మంచిపేరుంది. ఆ ప్రాంతపు వాస్తువైభవం మొత్తాన్ని గురించి అంటున్నాను. అంత కలప, అంత చెక్కడం ఏ ధాన్యంలోంచి వచ్చాయి?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. ఊరొదిలి వచ్చినవాడు ఊరిని తీపిగా తలచుకోవడం నేరమా? నగరంలో మూడో అంతస్తు గదిలో, పక్కవాటావాడి పేరు తెలియకుండా బతికేవాడికి, తన పేరు తెలిసిన కొట్టువాడు ఉన్న వీధి కల్లోకి రావడం సహజం కాదా? సహజమే. ఆ బాధ అబద్ధం కాదు. మనిషిని మనిషి పలకరించని బతుకు మీద అది ఒక ఫిర్యాదు కూడా. మన విమర్శకులు కొందరు దాన్ని 'పాతరోగం' అని ఒక్కమాటతో కొట్టిపారేస్తారు. అది తొందరపాటు. ఆ ఫిర్యాదు వర్తమానం మీద చేయవలసింది. దాన్ని గతం మీద ప్రేమగా తర్జుమా చేసుకోవడంలోనే చిక్కంతా వస్తుంది. కొట్టువాడికి నీ పేరు తెలుసు. నీ కులమూ తెలుసు. నువ్వు కొట్టు లోపలికి రావచ్చో, అరుగు కింద నిలబడి చెయ్యి చాపాలో కూడా అతనికి తెలుసు. లోపలికి రానిచ్చినవాడికి ఆ ఊరు మాల్గుడి. అరుగు కింద నిలబడినవాడు ఊరొదిలింది ఏడుస్తూ కాదు, ఊపిరి పీల్చుకుని. అతని వారసులు రాసిన ఆత్మకథల్లో మాల్గుడి ఎక్కడా కనబడదు.

ఈ జబ్బు మనకు ప్రత్యేకమైనది కాదు. దీని ముదిరిన రూపం చూడాలంటే అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం చూడాలి. ఆ రాష్ట్రంలోని షార్లెట్, కేరీ పట్టణాల్లో స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కనుక మనకు మరీ పరాయిది కాదు. మౌంట్ ఎయిరీ అక్కడ ఒక చిన్న పట్నం. నల్లరాయి కాదు, తెల్లగా మెరిసే గ్రానైటు గనికీ, మేజోళ్ల మిల్లులకూ, పొగాకుకూ పేరు. ఆండీ గ్రిఫిత్ అనే నటుడు 1926లో అక్కడ పుట్టాడు. 1960 నుంచి 1968 దాకా ఆయన పేరుతో నడిచిన టీవీ ధారావాహికలో 'మేబెరీ' అనే కల్పిత పట్నం ఉంది. తుపాకీ పెట్టుకోని మంచి షెరీఫు, నవ్వించే అతని సహాయకుడు, వంటచేసి పెట్టే పిన్ని, క్షౌరశాలలో కబుర్లు, తాగి తనంతట తనే లాకప్పులోకి పోయి పడుకునే తాగుబోతు. మన మాల్గుడి కనీసం తీర్థహళ్లి తాలూకాలో తీశారు. మేబెరీని నార్త్ కరోలినాలో తీయనైనా లేదు. కాలిఫోర్నియాలో స్టూడియో వెనక స్థలంలో కట్టిన సెట్టు అది.

తేదీలు చూడండి. 1960 ఫిబ్రవరి 1న అదే రాష్ట్రంలో గ్రీన్స్‌బరో పట్నంలో నలుగురు నల్లజాతి విద్యార్థులు, తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే ఫలహారపు బల్ల దగ్గర కూచుని కదలమన్నారు. ఆ నిరసన కొద్ది వారాల్లో దక్షిణాది రాష్ట్రాలంతటా పాకింది. అదే ఏడాది అక్టోబరు 3న మేబెరీ తెరమీదికొచ్చింది. ఎనిమిదేళ్లలో 249 భాగాలు. దక్షిణాది పట్నం కథలో చెప్పుకోదగ్గ మాటలున్న నల్లజాతి పాత్ర ఒక్కటంటే ఒక్కటే, అదీ 1967లో. చివరి భాగం 1968 ఏప్రిల్ 1న వచ్చింది. ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. ఆ ఎనిమిదేళ్లూ అమెరికా వీధుల్లో ఏం జరుగుతోందో చూడలేక అలసిన తెల్ల మధ్యతరగతికి మేబెరీ విశ్రాంతి గది.

తర్వాత మౌంట్ ఎయిరీలో మేజోళ్ల మిల్లులు ఒక్కటొక్కటే మూతబడ్డాయి. పట్నం మేబెరీ వేషం కట్టింది. 1990 నుంచి ఏటా సెప్టెంబరులో 'మేబెరీ డేస్' పేరిట ఉత్సవం. సీరియల్లోని క్షౌరశాల పేరుతో క్షౌరశాల. సీరియల్లోలాంటి పాత పోలీసు కార్లలో ఊరు తిప్పి చూపించడం. మిల్లులో మేజోళ్లు అల్లిన ఊరికి ఇప్పుడు తన పోలికే సరుకైంది. అక్కడి జనాన్ని ఎగతాళి చేయడానికి నాకు నోరు రాదు. మిల్లు మూసినవాడు ఎటో పోయాడు, మిగిలినవాళ్లు దొరికిన పని చేసుకుంటున్నారు. అరసాళు, ఆగుంబెలు ఆ దారిలో ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాయి.

మన దగ్గర ఈ వేషం చాలాకాలంగా కోనసీమ మోస్తోంది. కొబ్బరితోట, పంటకాలవ, లాకులు, పెంకుటిల్లు, అరుగు మీద తాతయ్య. మన సినిమాలకూ టీవీ సీరియళ్లకూ 'మంచి ఊరు' అంటే ఇంతే. చూసి చూసి, కోనసీమ వాళ్లే తమ ఊళ్లను ఆ ఫ్రేములో పెట్టి చూపించుకోవడం మొదలుపెట్టారు. పాశర్లపూడిలో 1995 జనవరిలో లేచిన గ్యాసు బ్లోఅవుట్ మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ మంట ఆ ఫ్రేములో లేదు. 2011లో సేద్యం గిట్టుబాటు కాక అన్నపూర్ణ అనిపించుకున్న డెల్టాలోనే రైతులు పంట విరామం ప్రకటించారు. అదీ లేదు. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాసు పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. కొబ్బరిచెట్లూ కాలిపోయాయి. కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఆడవాళ్లు పంపిన డబ్బుతో లేచిన డాబాలు ఆ పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. కెమెరా వాటిని తప్పించి పెంకుటిల్లు వెతుక్కుంటుంది.

ఈ ఫ్రేము పిల్లల కళ్లకు ఎలా అతుక్కుపోతుందో బళ్లో పనిచేసేవాళ్లకు తెలుసు. తొమ్మిదో తరగతికి 'మా ఊరు' అని వ్యాసం ఇస్తే నలభైమందిలో ముప్పై అయిదుగురు ఒకే ఊరు రాస్తారు. చుట్టూ పచ్చని పొలాలు, మధ్యలో చెరువు, గట్టున గుడి, అన్నదమ్ముల్లా మెలిగే ప్రజలు. గైడులో ఉన్న ఊరది. కూలిపనికి వలసపోయి వచ్చిన పిల్లలు కూడా అదే రాస్తారు. ఒకసారి ఒక అమ్మాయి మాత్రం, తమ వీధికి నీళ్లు వారానికి రెండుసార్లు వస్తాయని, ఆ రోజు తను బడికి ఆలస్యంగా వస్తుందని, చెరువు ఉంది గాని తమవాళ్లు ఇవతలి రేవులోనే దిగుతారని రాసింది. పక్కపిల్లలు నవ్వారు, అది వ్యాసం కాదట. ఆ నవ్వు నన్ను భయపెట్టింది. కారంచేడులో 1985 జులైలో అంత ఘోరం మొదలైంది తాగునీటి చెరువు దగ్గరే. మరుసటి ఏడాది మనం మాల్గుడిని చిత్రించుకున్నాం. చెరువును గైడు వాక్యంగానే చదివిన పిల్లలకు ఆ అమ్మాయి వాక్యమూ అర్థం కాదు, కారంచేడూ అర్థం కాదు.

చివరగా అమలాపురం. 2022 ఏప్రిల్‌లో కోనసీమ కొత్త జిల్లా అయింది. మే నెలలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు పెట్టాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. మే 24న ఆ పేరు వద్దంటూ బయల్దేరిన గుంపులు అమలాపురంలో ఒక మంత్రి ఇంటికీ ఒక శాసనసభ్యుడి ఇంటికీ నిప్పు పెట్టాయి, బస్సులు తగలబెట్టాయి. "కోనసీమ పేరు కోనసీమగానే ఉండనివ్వండి, అది మా జ్ఞాపకం, మా సంస్కృతి" అన్నది వాళ్ల వాదనకు పైతొడుగు. పేరులో కోనసీమ అలాగే ఉంది. ముందు ఒక మనిషి పేరు చేరింది, అంతే. ఆ మనిషి పేరు ఫ్రేములో పట్టలేదు. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు, పేరు ఖాయమైంది. నెట్‌వర్కులు నిలిపేసిన ఆ రోజుల్లో పని కోసం, సిగ్నలు కోసం ఊళ్లు దాటి వెళ్లిన కుర్రవాళ్ల సంగతీ, పేటల్లో తలుపులు వేసుకుని కూచున్న రాత్రుల సంగతీ అక్కడివాళ్లు ఇప్పటికీ చెబుతారు. కోనసీమ మీద ఈ నాలుగేళ్లలో వచ్చిన కథలు నేను చదివినమేరకు పదీ పన్నెండు. కాలవలున్నాయి, పూతరేకులున్నాయి, తాతయ్యలున్నారు. ఆ రాత్రుల్లో ఒక్కటి కూడా వాటిలోకి రాలేదు.